30 వేలలో ట్యాలీకీ తిరుగుడుకీ పనికొచ్చే ల్యాప్‌టాప్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

రాజాం రోడ్డు

అందరికీ నమస్కారం. నాది అకౌంట్లు రాసే పని, ఉండేది విజయనగరం. పార్టీలు రాజాం, పాలకొండ, టెక్కలి, పలాసల్లో ఉన్నారు. వారంలో నాలుగు రోజులు బస్సులోనో మెము రైల్లోనో తిరుగుడే. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌తో ఇక కుదరదు.

దీని మీద నడవాల్సినవి: ట్యాలీ ప్రైమ్ సిల్వర్ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), ముప్పై నలభై వేల వరసలుండే ఎక్సెల్ షీట్లు, జీఎస్టీ పోర్టల్, రెండు కంపెనీల డిజిటల్ సంతకం డాంగిల్స్, అప్పుడప్పుడు తెలుగులో ఉత్తరాలు. జీడిపప్పు పార్టీల దగ్గర ఇంకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లే, వాటికీ తగిలించాలి. ఆటలు, వీడియో ఎడిటింగ్ అక్కర్లేదు. బరువు కిలోన్నర దగ్గర్లో ఉండాలి. ప్లగ్గు దొరక్కపోయినా అయిదు గంటలు లాగాలి. అన్నీ కలిపి 30 వేలు దాటకూడదు.

చూసినవి మూడు. ఆన్‌లైన్‌లో 21 వేలకు కొత్తది: సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. శ్రీకాకుళంలో 19 వేలకు సెకండ్ హ్యాండ్: "ఐ7, 16 జీబీ" అన్నారు, తీరా చూస్తే ఐ7-6600యూ. మూడోది 34 వేల కొత్తది: ఐ3-1215యూ, 8 జీబీ, 512 జీబీ.

వీటిలో ఏది? మూడూ కాకపోతే ఇంకేది? సెకండ్ హ్యాండ్ అయితే కొట్లో నిలబడి ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి.

నాగావళి ఒడ్డు

మొదటి దాని ఊసే ఎత్తకండి. ఎన్4020 ప్రాసెసర్‌లో ఉన్నవి రెండే కోర్లు (పని పంచుకునే భాగాలు). ఆ 64 జీబీ కూడా ఎస్‌ఎస్‌డీ కాదు, ఈఎంఎంసీ. ఫోన్లలో వాడే రకం చిప్పు, బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ రాసింది కాబట్టి సరిగ్గా ఆ గీత మీదే తయారుచేసి అమ్ముతున్నారు. అందులో చాలా భాగం విండోసే తినేస్తుంది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఖాళీ చాలక మధ్యలో ఆగిపోతుంది. పైగా ఇలాంటివి కొన్ని "ఎస్ మోడ్"లో వస్తాయి. అందులో స్టోర్‌లో ఉన్న యాప్‌లు తప్ప బయటవి ఎక్కవు, ట్యాలీ గానీ డాంగిల్ డ్రైవర్ గానీ లోపలికి రానివ్వదు. ఎస్ మోడ్ లోంచి బయటపడడం ఉచితమే. 4 జీబీలోంచి బయటపడే దారి మాత్రం లేదు.

రెండో దాంట్లో స్టిక్కర్ చూసి మోసపోతాం. తొమ్మిదో తరం దాకా ఇంటెల్ నంబర్లో గీత తర్వాత వచ్చే మొదటి అంకె తరం. 6600యూ అంటే ఆరో తరం: కోర్లు రెండు, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) నాలుగు. అదే ఎనిమిదో తరం ఐ5-8250యూ, 8350యూలకు కోర్లు నాలుగు, థ్రెడ్లు ఎనిమిది. పేరుకు ఐ5 గానీ ఆ ఐ7 దీని ముందు నిలవదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి. విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆరో తరం, ఏడో తరం మెషిన్ల మీద కిటుకులతో 11 ఎక్కించి "లేటెస్ట్ విండోస్" అని అమ్ముతారు. నడుస్తుంది, కానీ రేపు అప్‌డేట్ వస్తుందన్న పూచీ లేదు. పదిమంది లెక్కలూ సంతకాలూ మోసే మెషిన్‌కి ఆ బేరం వద్దు.

మీ పనికి సరిపోయేది ఎనిమిదో తరం ఐ5 ఉన్న ఆఫీసు రకం సెకండ్ హ్యాండ్. మూడు పేర్లు రాసుకోండి: థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5. మూడూ 14 అంగుళాలవే. మూడింటికీ ర్యామ్ స్లాట్లు రెండేసి, ఎస్‌ఎస్‌డీ విప్పి మార్చుకోవచ్చు, టైప్-సీతో ఛార్జ్ అవుతాయి. డాంగిల్, ప్రింటర్, మౌస్ మూడూ ఒకేసారి గుచ్చాలంటే 7490 హాయి, దానికి మామూలు యూఎస్‌బీ పోర్టులే మూడు. మిగతా రెండింటికీ రెండేసి. బరువు 7490కి 1.4 కిలోల దగ్గర మొదలు, 840 జీ5కి 1.5 దగ్గర, టీ480కి 1.6 దగ్గర. తేలిగ్గా ఉందని థింక్‌ప్యాడ్ ఎక్స్280 అంటగట్టబోతారు. మంచి మెషినే గానీ దాని ర్యామ్ బోర్డుకు అతికి ఉంటుంది. 8 కొంటే చచ్చేదాకా 8.

టీ480కి ఒక సుగుణం ఉంది. బ్యాటరీలు రెండు: లోపల 24 వాట్ అవర్లది (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి. వెనకది 24, 48, 72 సైజుల్లో ఉంటుంది. మెషిన్ ఆపకుండానే వెనకది మార్చొచ్చు, ఆ నిమిషం లోపలిది మోస్తుంది. 24+48 కలిపి 72. పాతబడి 70 శాతానికి దిగిందనుకుంటే 50. మీ పనికి 8 వాట్లు లాగుతుందనుకుంటే ఆరు గంటలు. లాటిట్యూడ్ 7490లో 60 వాట్ అవర్ల బ్యాటరీ ఉంటే అదే లెక్కన అయిదు గంటల చిల్లర. దానికే 42 వాట్ అవర్ల బ్యాటరీ కూడా ఉంది, అది మీకు చాలదు. కొట్లో "7490" అనగానే ఊరుకోకుండా బ్యాటరీ మీద రాసింది చదవాలి.

ఇక కొట్లో చేయాల్సినవి. అర్ధగంట పడుతుంది, వాళ్ళు విసుక్కున్నా సరే.

ఆన్ చేయగానే విండోస్ రాకముందే కనబడే సెట్టింగ్స్ తెర, అంటే బయోస్‌లోకి వెళ్ళండి: డెల్‌కి ఎఫ్2, లెనోవోకి ఎఫ్1, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగిందా, అక్కడే వదిలేయండి. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అయితే లోపలి చిన్న బ్యాటరీ పీకినా పోదు. పాస్‌వర్డ్ లేకపోతే అదే తెరలో సీరియల్ నంబరు చూసి అడుగున ఉన్న స్టిక్కర్‌తో సరిపోల్చండి. బోర్డు మార్చారా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది.

తర్వాత విండోస్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, ఏటవాలు గీత, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషులోనే). ఒక ఫైల్ తయారవుతుంది, ఎక్కడ దాచిందో కూడా చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. 60,000కి 42,000 ఉంటే 70 శాతం, ఫరవాలేదు. 30,000 ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. బల్ల మీద పెట్టి చూడండి: కింది మూత ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బుతున్నట్టే. దాన్ని మీరు తాకకుండా తెలిసినవాళ్ళతో మార్పించాలి.

చాలామంది వదిలేసేది, తర్వాత గుండె బాదుకునేది ఇది. పెద్ద కంపెనీల నుంచి వచ్చిన మెషిన్లు కొన్ని ఆ కంపెనీ పేరుమీద మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటాయి. ఫార్మాట్ చేసినా ఆ నమోదు పోదు, ఎందుకంటే అది డిస్క్‌లో లేదు. నెట్ లేకుండా విండోస్ ఎక్కించి అమ్మితే బయటపడదు. ఆరు నెలల తర్వాత మీరు రీసెట్ చేసిన రోజున "ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు మెయిల్ ఇవ్వండి" అంటుంది. అందుకని డబ్బులిచ్చే ముందే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్ళి రీసెట్ కొట్టి, మొదటి తెరల్లోనే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. కంపెనీ పేరు రాకపోతే మీదే. రీసెట్‌కి గంట దాకా పడుతుంది, ఈలోగా టీ తాగిరండి.

మిగతావి త్వరగా: ప్రతి కీ నొక్కడం, పెన్‌డ్రైవ్ పెట్టి ప్రతి పోర్టూ చూడడం, కెమెరా, మైకు, స్పీకర్లు, మడత బందులు వదులయ్యాయా అన్నది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం 90 పైన ఉంటే సంతోషం. తెర 1920×1080 ఐపీఎస్ అయి ఉండాలి. ఈ మోడల్స్‌లోనే 1366×768 తెరలూ తిరుగుతున్నాయి, వాటి మీద ట్యాలీ నడుస్తుంది గానీ ఎక్సెల్‌లో కాలమ్‌లు సగం కనబడవు. టీ480 అయితే టైప్-సీ పోర్టులు రెండింటితోనూ ఛార్జింగ్ ఎక్కించి చూడండి. ఆ కాలపు థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపం వల్ల పోర్టు చచ్చిపోయేది, లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. పోర్టు బాగుంటే ఇంటికి వెళ్ళగానే ఆ అప్‌డేట్ ఎక్కించండి. పోయి ఉంటే వద్దు.

ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి. "8తో తీసుకుని తర్వాత వేసుకుందాం" అన్న పాత లెక్క ఇప్పుడు కలిసిరాదు. వెయ్యి రెండు వేల తేడాలో 16 ఉన్నది దొరికితే అదే పట్టుకోండి.

గంటస్తంభం

నాగావళి గారు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే. కానీ ఒక మాట. ఆ పరీక్షలన్నీ చేయగలిగినవాడికే సెకండ్ హ్యాండ్. పైగా ఎనిమిదో తరం 2017లో వచ్చినది. ఈరోజు కొన్నా ఏడెనిమిదేళ్ళ సామాను.

ఐ3-1215యూని తేలిగ్గా తీసేయకండి. పెద్ద కోర్లు రెండు, చిన్నవి నాలుగు, థ్రెడ్లు ఎనిమిది. వేగంలో 8350యూ కన్నా ముందే ఉంటుంది. ఏడాది కంపెనీ వారంటీ. నెలకి రెండుసార్లు, 11నా 20నా, జీఎస్టీ గడువు నెత్తిమీద ఉండే పనికి అది చిన్న సంగతి కాదు. నాలుగు వేలు ఎక్కువ పెట్టగలిగితే, లేదా పండగ సేల్‌లో 30కి దిగితే, నా ఓటు దానికే.

అయితే కొత్త వాటిలోనూ గోతులున్నాయి. రైజెన్ 3 7320యూ అని ఒకటి ఇదే ధరకు కనబడుతుంది. పేరులో 7 చూసి కొత్త తరం అనుకుంటారు గానీ లోపలి కోర్లు పాత జెన్ 2 రకం. పని చేయదని కాదు, ఎక్సెల్‌కి చాలు. కాకపోతే దానికి వేసే ర్యామ్ అతికించేదే. 8 జీబీది కొంటే అంతే. ఐ3లో కూడా కొన్ని మోడల్స్‌కి ర్యామ్ బోర్డు మీదే ఉండి ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది, కొన్నిటికి ఆ స్లాటూ ఉండదు. కంపెనీ సైట్లో ఆ మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా కొట్టి చూడాలి. చవక కొత్త వాటిలో బ్యాటరీ 40 వాట్ అవర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఛార్జింగ్ సన్న పిన్నుతోనే ఉండొచ్చు. మీ అయిదు గంటలు మొదటి ఏడాది వస్తాయి, ఆ తర్వాత కష్టం.

వారంటీ "ఆన్‌సైట్" అంటే ఇంటికి వస్తారు, "క్యారీ-ఇన్" అంటే మనమే మోసుకెళ్ళాలి. ఆన్‌సైట్ అని రాసి ఉన్నా మీ పిన్‌కోడ్‌కి ఉందో లేదో కొనేముందే ఫోన్ చేసి అడగండి. క్యారీ-ఇన్ అయితే విశాఖ ప్రయాణాలు రెండు: ఇవ్వడానికొకటి, తెచ్చుకోవడానికొకటి.

రాజాం రోడ్డు

నాగావళి గారూ, గంటస్తంభం గారూ, ధన్యవాదాలు. ఎన్4020, ఐ7-6600యూ రెండూ కొట్టేశాను. 34 వేలు మాత్రం నా వల్ల కాదు, కాబట్టి ఎనిమిదో తరం వైపే మొగ్గుతున్నాను.

ఇంకా రెండు సందేహాలు. బస్సులో, రైల్లో ఛార్జింగ్‌కి పవర్ బ్యాంక్ కొనాలా? ఫోన్‌కి వాడే 20,000 ఎంఏహెచ్‌ది నా దగ్గర ఉంది, అది చాలదా? రెండోది, డెస్క్‌టాప్ మీదున్న ట్యాలీని దీనికి మార్చడం ఎలా? స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ రోజంతా వస్తుందని ఒకాయన అన్నారు, అదీ చెప్పండి.

బారువ గాలి

పవర్ బ్యాంక్ సంగతి నేను చెప్తాను మాస్టారూ. ఏటంటే, ఫోన్‌కి వాడేది చాలావరకు 22.5 వాట్ల రకం. అది ల్యాప్‌టాప్‌కి కావలసిన 20 వోల్టులు ఇవ్వదు. గుచ్చితే "స్లో ఛార్జర్" అంటాది, లేదా అసలు పట్టించుకోదు. మీకు కావలసింది టైప్-సీ పీడీ (పవర్ డెలివరీ) అని రాసి, 20 వోల్టుల దగ్గర కనీసం 45 వాట్లు ఇచ్చేది. పెట్టె వెనకాల అవుట్‌పుట్ అన్న వరసలో "20వీ, 2.25ఏ" గానీ "20వీ, 3.25ఏ" గానీ ఉందా చూడండి. మొదటిది 45 వాట్లు, రెండోది 65.

20,000 ఎంఏహెచ్ అంటే ఎంత? దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు. 20 వోల్టులకు పెంచడంలో కొంత వేడై పోద్ది, చేతికొచ్చేది 60 చిల్లర. 7490ని ఒకపాలి దాదాపు నింపొచ్చు. విమానంలో 100 వాట్ అవర్ల లోపువి చేతి సంచీలోనే పెట్టాలి, లగేజీలో వేయకూడదు. 74 కాబట్టి చేతి సంచీలో తీసుకెళ్ళొచ్చు. అయితే ఇది కొనేముందు ఒక లెక్క: మంచి పీడీ పవర్ బ్యాంక్ డబ్బుకి టీ480 వెనక బ్యాటరీ ఇంకోటి వస్తాది, బరువు తక్కువ. 7490 అయితే పవర్ బ్యాంకే దారి.

వైరు మర్చిపోవద్దు. ఫోన్‌తో వచ్చే సీ-టు-సీ వైరు మామూలుగా 3 ఆంపియర్లది, 60 వాట్లకు మించదు. 65 వాట్లు పూర్తిగా కావాలంటే 5 ఆంపియర్ల వైరు ఉండాలి. దాని మొనలో చిన్న చిప్పు ఉంటాది. 60తో పనైపోద్ది గానీ వైరు పల్చనిదైతే అదీ రాదు.

రైలు ప్లగ్గుల్లో చాలావాటికి వచ్చేది 110 వోల్టులు. అడాప్టర్ మీద "ఇన్‌పుట్ 100–240వీ" అని ఉంటే భయం లేదు, ఉండకపోవడం అరుదు. మెము పెట్టెలో ప్లగ్గు దొరుకుద్దని లెక్క వేసుకోకండి. విశాఖ నుంచి పలాస దాకా బ్యాటరీ మీదే అనుకుని బయల్దేరాలి. రాత్రి రైళ్ళలో నిప్పు ప్రమాదాల భయంతో 11 నుంచి 5 దాకా ప్లగ్గులు ఆపే పద్ధతి ఉంది, పడుకునేముందే నింపుకోండి.

సెకండ్ హ్యాండ్‌తో ఇచ్చే అడాప్టరే అసలు చిక్కు. నకిలీలు కుప్పలు. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. డెల్ గుండ్రటి పిన్ను మధ్యలో సన్న సూది ఉంటాది, అది వంగినా విరిగినా "అడాప్టర్ ఏ రకమో తెలియలేదు" అని చెప్పి బ్యాటరీ నింపదు, ప్రాసెసర్‌ని కూడా నెమ్మది చేసేస్తాది. మెషిన్ పాడైందనుకుని బోర్డు విప్పించేవాళ్ళున్నారు. ముందు వేరే అడాప్టర్ పెట్టి చూడండి, లేదా టైప్-సీతో.

మరోటి. పాత ఇళ్ళలో, గోదాముల్లో ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల అడాప్టర్‌ని రెండు పిన్నుల ప్లగ్గుకి తగిలిస్తే లోహపు మూత మీద చెయ్యి పెట్టినపుడు జివ్వుమంటాది. అడాప్టర్ లోపలి కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ అది. ఆ తడవున డాంగిల్, ప్రింటర్ గుచ్చడం పీకడం చేయకండి. ప్రింటర్‌కి ఎర్త్ ఉండి ల్యాప్‌టాప్‌కి లేకపోతే ఆ తేడా అంతా యూఎస్‌బీ పోర్టు మీద పడుద్ది. అలాంటి చోట బ్యాటరీ మీద నడిపి ప్రింట్ తీసుకోవడం మేలు.

సోంపేట, కవిటి, కళింగపట్నం వైపు వెళ్తారా? ఉప్పు గాలి. కిటికీ పక్కన రాత్రంతా తెరిచి పెట్టొద్దు, సంచీలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. కొనేటప్పుడు కూడా పోర్టుల లోపల టార్చి వేసి చూడండి. తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి పేరుకుని ఉంటే ఆ మెషిన్ తీరంలో బతికినది. లోపల బోర్డు ఎలా ఉందో విప్పకుండా చెప్పలేం. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు, 2018 అక్టోబర్‌లో, పలాస, ఉద్దానం వైపు కరెంటు రావడానికి రోజులు పట్టింది. అలాంటప్పుడు కారులో 12 వోల్టుల సాకెట్‌కి పెట్టే 65 వాట్ల పీడీ ఛార్జర్ ఒకటి ఉంటే దానికి సాటి లేదు.

డెబిట్ ఎడమ

ట్యాలీ, డాంగిల్ సంగతులు.

ముందు స్నాప్‌డ్రాగన్. బ్యాటరీ బాగా వచ్చే మాట నిజం. కానీ అది ఆర్మ్ రకం ప్రాసెసర్. మామూలు ప్రోగ్రాములను విండోస్ తర్జుమా చేసి నడిపిస్తుంది, డ్రైవర్లను మాత్రం తర్జుమా చేయలేదు. ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ ఉండాలి. డాంగిల్, పాత డాట్ మ్యాట్రిక్స్ రెండూ ఉన్న మీరు దాని జోలికి పోకండి. ధర కూడా మీ బడ్జెట్‌లోది కాదు. క్రోమ్‌బుక్, మ్యాక్‌లకూ ఇదే జవాబు: ట్యాలీ ప్రైమ్ విండోస్ మీదే ఎక్కుతుంది.

సిల్వర్ లైసెన్సు ఒక కంప్యూటర్‌కి. డెస్క్‌టాప్ మీద ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లో లైసెన్స్ దగ్గర సరెండర్ చేయండి, నెట్ ఉండాలి. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ మీద యాక్టివేట్ చేయండి. ముందు డెస్క్‌టాప్ ఫార్మాట్ కొట్టేసి తర్వాత గుర్తుచేసుకునేవాళ్ళే ఎక్కువ. డేటా కోసం ఆల్ట్+వై, బ్యాకప్. కంపెనీలన్నీ ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లోకి తీసి, కొత్త దాంట్లో రిస్టోర్. పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా డేటా తెరిచి పని చేయకండి. బస్సు కుదుపులో అది కదిలిందంటే రాస్తున్న ఫైల్ సగంలో తెగిపోతుంది, కంపెనీ తెరుచుకోదు.

డాంగిల్‌కి దాని తయారీదారు డ్రైవర్, జీఎస్టీ పోర్టల్‌లో సంతకానికి ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రాం ఉండాలి. ఎమ్‌సైనర్‌తో కనెక్షన్ కుదరలేదన్న ఎర్రర్ వస్తే దాన్ని మూసి, ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, బ్రౌజర్ కూడా మళ్ళీ తెరవండి. ఎక్కువసార్లు దీనితోనే పోతుంది. రెండు డాంగిల్స్ ఒకేసారి గుచ్చకండి, ఒకరి రిటర్న్‌కి ఇంకొకరి సర్టిఫికెట్ ఎంచుకోవడం చిటికెలో పని. పాస్‌వర్డ్ వరసగా తప్పు కొడితే డాంగిల్ తాళం పడుతుంది, అందులోని సంతకం పోయి కొత్తది తీసుకోవాల్సి రావొచ్చు. ప్రొప్రైటర్లకు, భాగస్వామ్య సంస్థలకు ఎలాగూ ఓటీపీతో చేసే ధ్రువీకరణ (ఈవీసీ) సరిపోతుంది. డాంగిల్ తప్పనిసరి కంపెనీలకూ ఎల్‌ఎల్‌పీలకే. వాళ్ళవి వాళ్ళ దగ్గరే ఉంచి, అక్కడికి వెళ్ళినప్పుడు గుచ్చడం అన్నిటికన్నా మంచిది.

బస్సులో మెషిన్ పోతే? ఆఫీసు రకం వాటికి ఎక్కువగా విండోస్ ప్రో లైసెన్సు ఉంటుంది, అందులో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంది. పెట్టుకోండి. అది ఇచ్చే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో దాచండి, ల్యాప్‌టాప్ సంచీలో కాదు. బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా ఆ కీ అడగొచ్చు. లేకపోతే మీ డేటా మీకే దక్కదు. నాగావళి గారు చెప్పిన థండర్‌బోల్ట్, బయోస్ అప్‌డేట్లు ముందు ముగించి ఆ తర్వాత బిట్‌లాకర్ పెట్టడం తేలిక.

మూత వేసి సంచీలో పెట్టే అలవాటు ఉంటే, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి మూత వేస్తే హైబర్నేట్ అని పెట్టండి. స్లీప్‌లో ఉంటే ఏదో ఒకటి లేపేస్తుంది, పాలకొండ చేరేసరికి సంచీలో ఇస్త్రీపెట్టెలా కాలి, బ్యాటరీ సగమై ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తుపెట్టండి. లేకపోతే రోజువారీ డేటా ప్యాకు మొత్తం విండోస్ అప్‌డేట్ మింగేస్తుంది. సిమ్ స్లాట్ ఉందని అమ్మేవాళ్ళు గొప్పగా చూపిస్తారు. స్లాట్ ఉన్నంత మాత్రాన లోపల మోడెమ్ ఉండదు, సిమ్ వేయించి చూస్తే తప్ప నమ్మొద్దు.

తెలుగుకి విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, 2019 నుంచీ. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలిపితే వస్తుంది. పాత "అను" ఫాంట్లలో ఉన్న ఉత్తరాలు మాత్రం ఆ ఫాంట్లు లేని మెషిన్ మీద పిచ్చి గీతల్లా కనబడతాయి. అవసరమైనవి డెస్క్‌టాప్ మీదే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి.

ఇంకోటి. "ఎంఎస్ ఆఫీస్ లైఫ్‌టైమ్ ఫ్రీ" అని ఎక్కించి ఇస్తే తీసేయమనండి. అది దొంగ యాక్టివేటర్‌తో నడిచేది, అలాంటి వాటితో పాటే ఇంకేమేం లోపలికి వస్తాయో తెలియదు. బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్లు కొట్టే మెషిన్ ఇది. ఎక్సెల్ తప్పనిసరైతే డబ్బు పెట్టి కొనండి, లేకపోతే లిబ్రే ఆఫీస్.

రాజాం రోడ్డు

చాలా వివరంగా చెప్పారు. విశాఖ ద్వారకానగర్‌లో ఒక చోట 7490 దొరికేలా ఉంది: 8350యూ, 16 జీబీ, 256 జీబీ, 22,500. బ్యాటరీ రిపోర్ట్ ఫోన్‌లో పంపమన్నాను, డిజైన్ 60,000, ఇప్పుడు 37,800. అంటే 63 శాతం. మీ లెక్కన 38 బై 8, నాలుగు గంటల ముప్పావు. వదిలేయమంటారా? బిల్లు ఇస్తామన్నారు, దుకాణం వారంటీ మూడు నెలలు.

నాగావళి ఒడ్డు

వదలక్కర్లేదు. తెర 1080 అయి, రీసెట్ పరీక్షలో కంపెనీ పేరు రాకపోతే తీసుకోండి. బ్యాటరీ పేరు చెప్పి 21 వేలకు అడగండి. ఏడాది నడిచాక కొత్తది వేయించడానికి మూడు వేలు పక్కన పెట్టుకోండి, కింది మూత స్క్రూలు విప్పితే పదిహేను నిమిషాల పని. ఈలోగా టేబుల్ మీద వాడేటప్పుడు బయోస్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపేలా పెట్టండి, ప్రయాణానికి ముందు రాత్రి మాత్రం నూరుకి మార్చుకోండి. రిపోర్ట్ ఫోన్‌లో పంపారు కాబట్టి, అక్కడికి వెళ్ళాక మళ్ళీ మీ కళ్ళముందు తీయించండి. పంపింది వేరే మెషిన్‌దీ అయి ఉండొచ్చు. రిపోర్ట్ పైన మోడల్ పేరు, బయోస్ తేదీ ఉంటాయి, అవీ చూడండి.

డెబిట్ ఎడమ

బిల్లు మీద సర్వీస్ ట్యాగ్ (డెల్ సీరియల్ నంబరు) రాయించండి, మూడు నెలల వారంటీలో బ్యాటరీ, అడాప్టర్ ఉన్నాయా లేవా అన్నది కూడా. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే పన్ను విడిగా చూపించిన బిల్లే అడగండి. వాడిన సామాను అమ్మేవాళ్ళు మార్జిన్ పద్ధతిలో (తమ లాభం మీదే పన్ను) కట్టేటట్టయితే మీకు క్రెడిట్ రాదు. ధర మాట్లాడేటప్పుడే ఆ ముక్క తేల్చుకోండి.